లెక్కలోకి ఎక్కిన మనిషికి మందు అందాలి

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే పంతులుగారు పంచాంగ శ్రవణం చేసినారు. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని మనమంతా శ్రద్ధగా విన్నాము. కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వైద్యుణ్ణి కాను. మెట్రిక్ దాకా చదివి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. రిజిస్టర్లు, ఇండెంట్లు, నెలసరి రిటర్నులు, నాకు తెలిసిన శాస్త్రం ఇంతే. అందుచేత ఆరోగ్య విషయాలలో కూడా గుమాస్తా కంటికి ఆనే విషయాన్నే ఎంచుకున్నాను. మనోవ్యాధుల మీద పెద్ద ఎత్తున పరిశోధన చేయాలి. దానిని ఎక్కడో ప్రయోగశాలలో కాక సర్కారు ఆసుపత్రులలో, మామూలు నర్సులతో, మామూలు డాక్టర్లతో చేయాలి. అట్టి పనిని ఎట్లా నడపవలెను? మన దేశంలో ఎట్లా నడిపినారు? ఎక్కడ సాగినది, ఎక్కడ నిలిచినది? ఇదీ ఈ పూట నా మనవి.

మొదట ఈ అవసరం ఎందుకు కలిగినదో చెప్తాను. స్వాతంత్ర్యానికి ముందు, 1946లో, భోర్ కమిటీవారు దేశ ఆరోగ్య పరిస్థితి మీద నివేదిక ఇచ్చినారు. అప్పటికి దేశం మొత్తం మీద మానసిక చికిత్సాలయాలలో ఉన్న పడకలు సుమారు 10 వేలు. అనగా 40 వేల మందికి ఒక పడక. అదే ఇంగ్లండులో 300 మందికి ఒక పడక ఉండేది. ఈ లెక్క చూసిన వారికి ఒక సంగతి బోధపడినది. ఆసుపత్రులు కట్టుకుంటూ పోతే మన తరంలో గాని, మన పిల్లల తరంలో గాని ఈ లోటు తీరదు. మనోవైద్య నిపుణులను తయారుచేసి ఊరికొకరిని పంపుదామన్నా అంతమంది లేరు. మిగిలిన దారి ఒక్కటే. ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనే, ఉన్న మనుషులకే కొంత నేర్పి, ఆ పని వారి చేత చేయించడం.

చెప్పడం తేలికే. టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త మనోవ్యాధిని గుర్తించగలదా? జ్వరాలు చూసే డాక్టరు ఆ మందు సరిగా ఇవ్వగలడా? రోగి మానకుండా వస్తాడా? వీటికి జవాబు పుస్తకంలో దొరకదు. చేసి చూడాలి. చేసినదంతా వ్రాసి పెట్టాలి. అందువలన ఈ పరిశోధనలో వైద్యమెంతో పరిపాలన అంత. నిజం చెప్పాలంటే ఇక్కడ పరీక్షకు నిలిచినది పరిపాలనే.

ఈ పరీక్ష మొదట రెండుచోట్ల జరిగినది. ఒకటి హర్యానాలో రాయపూర్ రాణి అనే పల్లె ప్రాంతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975లో ఏడు దేశాలలో ఆరంభించిన అధ్యయనంలో మన దేశపు భాగం అక్కడ నడిచినది. చండీగఢ్ వైద్య సంస్థకు చెందిన ఆచార్య ఎన్.ఎన్. విగ్ గారు, డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి గారు దానిని నడిపించినారు. రెండవది మన కర్ణాటకలోనే, బెంగళూరు దగ్గరి సకలవార. బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ 1974 డిసెంబరులో ఏర్పడినది. మరుసటి ఏడే అక్కడ ఆచార్య ఆర్.ఎల్. కపూర్ గారి ఆధ్వర్యంలో సమాజ మానసిక వైద్య విభాగం మొదలై, సకలవార చుట్టుపక్కల పల్లెలలో పనిచేసినది. ఆరోగ్య కార్యకర్తలకు ఏమి నేర్పాలి, ఎంత నేర్పాలి, వారి చేతికి ఎట్టి పుస్తకం ఇవ్వాలి అన్నది అక్కడే తేల్చుకున్నారు. ఈ అనుభవాల బలంతోనే 1982లో భారత ప్రభుత్వం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని అంగీకరించినది.

అయితే ఒక కేంద్రం చుట్టూ పది ఇరవై పల్లెలలో చేసినది వేరు, ఒక జిల్లా అంతటా చేయడం వేరు. పల్లెలో నిపుణుడు స్వయంగా పోయి నిలబడతాడు. జిల్లా అంతటా నిలబడలేడు. కాగితాలు, మందుల పెట్టెలు, నెలసరి సమావేశాలు, వీటి మీదనే నడవాలి. ఆ పరీక్షకు ఎంచుకున్న జిల్లా మనకు చాలా దగ్గరిది. హుబ్బళ్ళి నుంచి గుంతకల్లు పోయే దారిలో ఉన్న బళ్ళారి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అటు పోయి, మిగిలినది మైసూరు రాష్ట్రంలో చేరినది. నేటికీ ఆ ఊళ్ళలో మన మాట ఇంటింటా వినవస్తుంది. 1981 జనాభా లెక్క ప్రకారం ఆ జిల్లాలో సుమారు 15 లక్షల మంది ఉండిరి. హోసపేట కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. 1985లో నిమ్హాన్స్‌వారు, రాష్ట్ర ఆరోగ్యశాఖవారు కలిసి అక్కడ పని మొదలుపెట్టి, 1990 వరకు నడిపి చూసినారు.

దానిని నడిపిన తీరు నాకు మహా నచ్చినది. జిల్లా ఆసుపత్రిలో ఒక చిన్న బృందం. ఒక మనోవైద్యుడు, ఒక మనస్తత్వ నిపుణుడు, ఒక సాంఘిక కార్యకర్త, వీరితోబాటు లెక్కలు చూసే ఒక గుమాస్తా. గుమాస్తాను కూడా బృందంలో చేర్చినవారు పని తెలిసినవారని నా అభిప్రాయం. సభలో నవ్వుతున్నారు గాని, నా మాట నిజం.

ఇక పద్ధతి నాలుగు కాళ్ళ మీద నిలిచినది. మొదటిది శిక్షణ. డాక్టర్లకు, కార్యకర్తలకు జిల్లాలోనే తరగతులు పెట్టినారు. రెండవది మందులు. ఒక చిన్న జాబితా వేసుకుని, ఆ కొద్ది మందులే ప్రతి కేంద్రంలోనూ ఉండేట్లు చూసినారు. తీవ్రమైన మనోవ్యాధికి క్లోర్‌ప్రొమజైన్, దిగులుకు ఇమిప్రమిన్, మూర్ఛకు ఫీనోబార్బిటోన్ వంటి చౌక మందులు. మూడవది చీటీలు, రిజిస్టర్లు. రోగికి ఒక కార్డు, కేంద్రంలో ఒక పద్దు, నెలకొక నివేదిక. నాల్గవది తనిఖీ. జిల్లా ఆరోగ్యాధికారి ప్రతినెలా డాక్టర్లతో జరిపే మామూలు సమావేశంలోనే ఈ పని కూడా చర్చకు వచ్చేది. దీనికని వేరే సమావేశం పెట్టలేదు. మలేరియా లెక్క అడిగిన నోటితోనే మనోవ్యాధుల లెక్క కూడా అడిగినారు. పై అధికారి ప్రతినెలా అడిగే పనే కింద జరుగుతుందని కచేరీలలో పనిచేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

మరొక కిటుకు ప్రశ్నలో ఉన్నది. ఇంటికి వచ్చిన కార్యకర్త, "మీ ఇంట్లో పిచ్చివాళ్ళున్నారా?" అని అడిగితే ఏ తల్లి ఔనంటుంది? తలుపు వేసుకుంటుంది. అందుకని గుర్తులు అడగమని నేర్పినారు. తనలో తాను మాట్లాడుకునేవారున్నారా, ఉన్నట్టుండి పడి కొట్టుకునేవారున్నారా, పని మానేసి మూలన కూర్చున్నవారున్నారా, ఈడుకు తగ్గ తెలివి రాని పిల్లలున్నారా, ఇట్లా. మన భాషలో కూడా చూడండి. దిగులు అంటాము, బెంగ అంటాము, మనేద అంటాము, గాలి సోకిందంటాము, నరాల బలహీనత అంటాము. డాక్టరు వ్రాసే పేరు ఒకటి, మన నోట వచ్చే పేరు మరొకటి. ఈ రెండింటినీ కలిపే ప్రశ్న కుదరకపోతే పదివేల ఇళ్ళు తిరిగినా రిజిస్టరులో సున్నాయే మిగులుతుంది.

బళ్ళారిలో ఇది సాధ్యమేనని తేలినది. మామూలు డాక్టరు ఇవ్వగలిగినాడు, మామూలు కార్యకర్త గుర్తించగలిగినది, రోగులు వచ్చినారు. దానినే నమూనాగా తీసుకుని 1996లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాలలో ఆరంభించినది. వాటిలో ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్. తక్కినవి అస్సాంలో నాగావ్, రాజస్థాన్‌లో సీకర్, తమిళనాడులో తిరుచిరాపల్లి. కొద్ది సంవత్సరాలలో 27 జిల్లాలైనవి. ఇప్పుడు దేశంలో చాలా మట్టుకు జిల్లాలకు ఈ కార్యక్రమం మంజూరై ఉన్నది.

మంజూరు కావడం వేరు, నడవడం వేరు. తరువాత జరిగిన పరిశీలనలలో బయటపడిన లోపాలు చదివితే, మన కచేరీల కథే చదివినట్లుంటుంది. డబ్బు ఆలస్యంగా వచ్చినది, వచ్చినది ఖర్చు కాలేదు. మనోవైద్యుని పోస్టు ఖాళీ. శిక్షణ పొందిన డాక్టరు బదిలీ అయిపోయినాడు, కొత్తగా వచ్చినవానికి నేర్పినవారు లేరు. మందుల ఇండెంటు సకాలంలో పోలేదు. బళ్ళారిలో నమూనా పని చేసినది గదా, మరి ఇక్కడ ఎందుకు చేయలేదు? బళ్ళారిలో వెనుక నిలిచి ప్రతినెలా అడిగేవారు ఉండిరి. తరువాతి జిల్లాలలో చాలాచోట్ల నమూనా కాగితం మీద వెళ్ళినది గాని, అడిగే మనిషి దానితోబాటు వెళ్ళలేదు. పరిశోధన నడిపేవారు మొదటిరోజే వేసుకోవలసిన ప్రశ్న ఇది. మేము వెళ్ళిపోయిన మరునాడు ఈ రిజిస్టరు ఎవరు తెరుస్తారు? దానికి జవాబు లేని పరిశోధన ఎంత గొప్పదైనా ప్రజలకు మిగిల్చేది తక్కువ.

ఇక రెండవ రకం పరిశోధన ఉన్నది. అది లెక్కించేది. 2015–16లో నిమ్హాన్స్‌వారు జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపినారు. ముందుగా కోలారు జిల్లాలో ప్రయోగాత్మకంగా చేసి చూసుకున్నారు. తెలుగు ఇంటిభాషగా గల కుటుంబాలెన్నో ఉన్న జిల్లా అది. తరువాత 12 రాష్ట్రాలలో, ఒక్కొక్క రాష్ట్రంలో అక్కడి సంస్థలనే కలుపుకుని, స్థానిక భాషలలోకి ప్రశ్నలు మార్చుకుని, చేతిలో పట్టే కంప్యూటర్లతో ఇల్లిల్లూ తిరిగినారు. 34,802 మంది పెద్దవారిని ప్రశ్నించినారు. అందులో ప్రతి వందమందిలోనూ 10.6 మందికి అప్పటికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉన్నదని తేలినది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పడినవారిని కూడా చేర్చితే 13.7 మంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ఆ పన్నెండింటిలో లేవు. అయినంతమాత్రాన ఆ జబ్బులు మన ఇళ్ళకు రావని ఎవరూ అనుకోరాదు.

ఆ సర్వేలో నన్ను నిద్రపోనివ్వని అంకె మరొకటి ఉన్నది. తీవ్రమైన మనోవ్యాధి ఉన్నవారిలో 73.6 శాతం మందికి చికిత్స అందడం లేదు. దిగులు, భయం వంటి సాధారణ వ్యాధులలో 85 శాతం మందికి అందడం లేదు. తాగుడు వ్యసనంలో 86.3 శాతం. అనగా లెక్కలో దొరికిన నలుగురు తీవ్రరోగులలో ముగ్గురు మందు లేకుండానే ఉన్నారు.

గూడ్సు లెక్కలు చూసేవానికి దీని అర్థం వేరే విప్పి చెప్పనక్కరలేదు. వ్యాగన్ నంబరు పుస్తకంలో ఎక్కిన తరువాత, అది గమ్యం చేరేవరకు రైల్వేకు బాధ్యత ఉన్నది. యార్డు మూలలో నెలల తరబడి నిలిచిపోతే పై నుంచి తాఖీదు వస్తుంది. ఉల్లిపాయల బస్తాకు ఇంత అడిగేవారుండగా, మనిషి పేరు రిజిస్టరులో ఎక్కించి, ఆపై అతని గతి అడగకపోతే అది ఏమి న్యాయం? లెక్కించడానికి వచ్చినవారి జేబులో, దగ్గరి ఆసుపత్రికి పంపే చీటీ ఒకటి తప్పక ఉండాలి. లెక్క తీసుకోవడం మనిషి దగ్గర ఋణం తీసుకోవడమే. అది మందు రూపంలో తీర్చాలి.

ఇటీవల ఇట్లా లెక్కింపును, చికిత్సను కలిపి చేసిన పని ఒకటి పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగినది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు అక్కడా, హర్యానాలోనూ కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో చేసినారు. కేంద్రాలను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసినారు. ఒక భాగంలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్ కంప్యూటరు ఇచ్చి, దిగులుతో ఉన్నవారిని గుర్తించి, డాక్టరు దగ్గరికి పంపి, వారు మళ్ళీ వెళ్ళినారా లేదా అని కూడా కనిపెట్టే ఏర్పాటు చేసినారు. ఊళ్ళలో మనోవ్యాధుల మీది చులకన పోగొట్టే ప్రచారం కూడా చేసినారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం, పన్నెండు నెలల తరువాత తక్కిన భాగంకంటె ఈ భాగంలో దిగులు ఎక్కువ తగ్గినది, చులకన కూడా తగ్గినది. ట్యాబ్లెట్ పరికరం వచ్చినా, లోపల ఉన్నది బళ్ళారి రిజిస్టరే గదా. ఎవరు వచ్చినారు, ఎవరు రాలేదు, రానివాని ఇంటికి ఎవరు పోవాలి, అంతే.

ఇక మన సంగతికి వస్తాను. మనం వలస వచ్చినవాళ్ళం. ఉద్యోగం కోసం కొందరు, మేస్త్రీ పనికి కొందరు, తాతల నాటినుంచి స్థిరపడినవారు కొందరు. రిజిస్టరులోంచి మొదట జారిపోయేది వలస మనిషే. నాకు తెలిసిన ఒక ఇల్లు ఉన్నది, ఊరు పేరు అవసరం లేదు. ఆ ఇంటి కుర్రవాడు మందులతో నెమ్మదించి, ఒక కొట్టులో పనికి కుదిరినాడు. తండ్రికి బదిలీ అయినది. పాత ఊరి కార్డు ఒక భాషలో, కొత్త ఊరి ఆసుపత్రిలో మాట మరొక భాషలో. తల్లి తెలుగులో చెప్పినది అక్కడివారికి పూర్తిగా తెలియలేదు. ఇరుగుపొరుగుకు తెలిస్తే ఆడపిల్ల పెళ్ళి చెడుతుందని, తోడు రమ్మని ఎవరినీ అడగలేదు. మూడు నెలలు మందు తప్పినది. జబ్బు తిరగబెట్టి, పిల్లవాడు ఒకరాత్రి ఇల్లు విడిచిపోయినాడు. పదకొండు రోజులకు దూరపు స్టేషనులో రైల్వే పోలీసులకు దొరికినాడు. ఇప్పుడు మళ్ళీ మందులు వాడుతున్నాడు. ఆ పదకొండు రోజులు ఆ తల్లి స్టేషనులో ప్రతి బండికీ ఎదురుచూసినది. రెండు భాషలు తెలిసిన మనిషి ఒక్కడు, ఒక్క పూట తోడు వెళ్ళి ఉంటే ఆ పదకొండు రోజులు ఉండేవి కావు.

మన హక్కులు కూడా తెలుసుకుందాము. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చినది, 2018 మే 29 నుంచి అమలులో ఉన్నది. ప్రభుత్వం నడిపే లేక ప్రభుత్వ ధనసహాయంతో నడిచే చోట మానసిక చికిత్స పొందడం ఈ చట్టం ప్రకారం ప్రతి మనిషి హక్కు. జబ్బు సంగతి గోప్యంగా ఉంచుకునే హక్కు ఉన్నది. పరిశోధనలో చేర్చుకోవాలంటే, విషయమంతా వివరించి, రోగి ఇష్టపూర్వకంగా ఒప్పుకున్న తరువాతే చేర్చుకోవాలి. కనుక మీ ఇంటికి ఎవరైనా ప్రశ్నల కాగితంతో వస్తే తలుపు వేయవద్దు. ఎవరు పంపినారు, ఈ లెక్క ఎందుకు, మా పేరు ఎవరికి తెలుస్తుంది, మాకు జబ్బు ఉన్నదని తేలితే ఎక్కడికి పంపుతారు అని అడగండి. తెలుగులో చెప్పమని అడగండి. మర్యాదగా అడిగితే, మంచి పరిశోధకుడు సంతోషంగా చెప్తాడు. అర్థం కాకుండా వేసిన సంతకం మనకూ మేలు చేయదు, వారి లెక్కకూ మేలు చేయదు.

మన సంఘం చేయగలిగిన పని మూడు మాటలలో చెప్పి ముగిస్తాను. మనలో ఇక్కడి భాష, తెలుగు రెండూ బాగా వచ్చినవారు కొందరు వంతులవారీగా జిల్లా ఆసుపత్రికి తోడు వెళ్ళడానికి పేర్లు ఇవ్వాలి. విన్నది బయట చెప్పమని వారు మాట ఇవ్వాలి. బదిలీ మీద పోయే ప్రతి కుటుంబం, రేషను కార్డు, పిల్లల టి.సి.తోబాటు మందుల చీటీ కూడా భద్రంగా తీసుకుపోవాలి, చేతిలో కనీసం నెల మందు ఉంచుకోవాలి. ఇక ఎవరికైనా మనసు కుదుట లేనప్పుడు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ అది. రాత్రింబవళ్ళు ఉంటుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

మొదటి పనికి నా పేరు నేను వ్రాసుకున్నాను. కార్యదర్శిగారి బల్ల మీద రిజిస్టరు ఉన్నది. మొదటి గడి నిండినది, తక్కిన గడులు ఖాళీగా ఉన్నవి. భోజనాలకు లేచేముందు మీలో కొందరైనా అటు నడవవలెనని కోరుతున్నాను.